పంతొమ్మిదో పేజీలో పెన్సిల్ రాత

"నీకెందుకమ్మా ఆ కష్టం? సబ్‌టైటిల్స్ వేస్తారుగా!" అన్నాడు కృష్ణమోహన్ అంకుల్, గారె నములుతూ.

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఆ ఆదివారం ఆయన ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. ఒకప్పుడు ఊరూరా చదివిన డిటెక్టివ్ నవల ఒకటి సినిమాగా వస్తోంది. ఇండియాలో పై వారం శుక్రవారం విడుదలైతే ఇక్కడ గురువారం సాయంత్రమే ప్రీమియర్. ఇరవై టికెట్లు బుక్ చేసింది ఆయనే. పెళ్ళైన కొత్తలో ఆ నవలని ఒక్క పూటలో నమిలి మింగేశానని వచ్చినవాళ్ళందరికీ చెప్పిందీ ఆయనే. పోనీ చెప్పి ఊరుకున్నాడా? "హంతకుడు డాక్టరే, రాసిపెట్టుకోండి" అని అందరి సరదా మీదా నీళ్ళు చల్లాడు.

అయినా సరే, సినిమాకి ముందు నవల చదువుతానంది అదితి. అదే ఆమె చేసిన నేరం.

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆదివారం బడిలో గుణింతాల దాకా వచ్చి సాకర్‌లోకి జారిపోయింది. ఇరవై మూడేళ్ళు, డేటా సెంటర్‌లో ఉద్యోగం. తెలుగులో ఆమె మొదటి నుంచి చివరిదాకా చదివింది ఏదైనా ఉంటే అది ఎవరిదో శుభలేఖ.

"నువ్వు రెండు పేజీలు దాటేసరికి సినిమా ఓటీటీలోకి వచ్చేస్తుంది," అన్నాడు అంకుల్. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అక్కడ మండింది అదితికి.

"మొత్తం చదువుతా అంకుల్. ఇంకా లెవెన్ డేస్ ఉన్నాయి. ఫినిష్ చెయ్యకపోతే నేను మూవీకి రాను, మీరు నా తెలుగు మీద లైఫ్ లాంగ్ జోక్స్ వెయ్యండి. చేస్తే మాత్రం ఇంక ఒక్కటి కూడా వెయ్యొద్దు."

అంకుల్ భార్య ఉమామహేశ్వరి ఆంటీ మేడ మీదికి వెళ్ళి, బ్రౌన్ పేపర్ అట్ట వేసిన తన పాత పుస్తకం తెచ్చి అదితి చేతిలో పెట్టింది.

మొదటి రోజు ఆరు పేజీలు. వత్తు వచ్చిన ప్రతిచోటా బండి ఆగింది. రోజూ లంచ్ టైమ్‌లో కారులో కూర్చుని, అద్దాలు ఎత్తేసి, గొంతెత్తి చదివింది. మూడో రోజు పంతొమ్మిదో పేజీలో డాక్టరు కథలోకి అడుగుపెట్టాడు. ఆయన పేరు పక్కన పెన్సిల్‌తో బాణం గుర్తు, దాని కింద "హంతకుడు వీడే!"

అదితికి ఏడుపొచ్చింది. అంకుల్ చెప్పింది నిజమేనన్నమాట. తెలిసిపోయిన కథ కోసం ఇంకా రెండొందల డెబ్భై పేజీలు ఈదాలా? ఆంటీకి ఫోన్ చేసింది.

ఆంటీ పడీపడీ నవ్వింది. "అది నా రాతేనే! పదో క్లాసులో రాశా. మా అన్నయ్యలు నేను చదువుతుంటే పుస్తకం లాక్కుపోయేవాళ్ళు. వాళ్ళ ఉసురు తీద్దామని అబద్ధం రాశా."

"మరి అంకుల్ డాక్టరే అని..." అదితి ఆగిపోయింది.

"పెళ్ళైన కొత్తలో ఆ పుస్తకమే పట్టుకెళ్ళి, మర్నాడే చదివేశానన్నారు. చదివినవాళ్ళకి నేను చెప్పేదేముంది?" అంది ఆంటీ. "నువ్వు చదువు."

చదివింది. రోజుకి ఆరు పేజీలు పదిహేనయ్యాయి, పదిహేను నలభై అయ్యాయి. గురువారం మధ్యాహ్నం, పార్కింగ్ లాట్‌లో, ఆఖరి పేజీ ముగించి స్టీరింగ్ మీద చేత్తో గట్టిగా కొట్టింది. అంత సంతోషం ఆమెకి ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. ముగింపు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం సినిమాలో హంతకుడు కాంపౌండర్ అని తేలింది. పంతొమ్మిది తలలూ అంకుల్ వైపు తిరిగాయి.

బయటికి రాగానే ఆయన చేతులు ఊపేశాడు. "నాశనం చేశారండీ! మార్చేశారు! నవల్లో డాక్టరే. చదివినవాళ్ళకే తెలుస్తుంది ఈ బాధ."

అయ్యో పాపం అన్నారు అందరూ. పెద్దాయన, పోనీలే అనుకుని అదితి కూడా కారెక్కేదే. కానీ ఆ "చదివినవాళ్ళకే" అన్న మాట మింగుడుపడలేదు. వత్తువత్తుకీ తడబడి చదివింది తను. ఆ మాట ఆయనకెలా వదిలేస్తుంది?

బ్యాగులోంచి పుస్తకం తీసింది. "మార్చలేదు అంకుల్. లాస్ట్ చాప్టర్ చదువుతా, వినండి."

పార్కింగ్ లాట్ దీపం కింద నిలబడి చదివింది. అమెరికా యాస అలాగే ఉంది. ఒకచోట నాలుక మెలిక పడితే వెనక్కి వెళ్ళి ఆ మాట మళ్ళీ పట్టుకుంది. ఎవరూ అందించలేదు, ఎవరూ నవ్వలేదు. కాంపౌండర్ నేరం ఒప్పుకుంటున్నాడు. అమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుని కూతుర్నే చూస్తోంది.

అంకుల్ మొహం చిన్నబోయింది. "సరేలేమ్మా, ఎప్పటి సంగతో, మర్చిపోయుంటాను. పదండి పదండి, చలేస్తోంది."

"ఇంకా నాలుగు పేజీలు ఉన్నాయి అంకుల్," అంది అదితి, పేజీ మీంచి తలెత్తకుండా.

ఆయన భార్య వైపు చెయ్యి చాచాడు, కారు తాళాల కోసం. ఉమామహేశ్వరి ఆంటీ తాళాలు హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసి జిప్ లాగింది.

"చదువమ్మా," అంది.