ఏడు గజాల దూరంలో కాగితం ప్లేటు

విశ్వనాథ్ ఏ వస్తువు కొన్నా ముందు ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. మిక్సీకి ఒక షీట్, మినీవాన్‌కి ఒక షీట్, కూతురి కాలేజీకి ఏకంగా మూడు. అలాంటి మనిషి భార్య దగ్గర పెట్టుకునే పిస్టల్‌ని షీట్ లేకుండా కొననిస్తాడా? మూడు వారాలు యూట్యూబ్ ముందు కూర్చుని బరువు, పొడవు, ఎన్ని తూటాలు పడతాయి, కొన్నవాళ్ళు ఎన్ని స్టార్లిచ్చారు అన్నీ గడుల్లో నింపాడు. మూడు పిస్టల్స్‌కి మార్కులేసి ర్యాంకులు ప్రకటించాడు. ఆయన జన్మలో తుపాకి ముట్టుకోలేదు. ఆ సంగతికి మాత్రం షీట్‌లో గడి లేదు.

చివరి గడి పేరు ‘సూటబుల్ ఫర్ గౌరి’. దాంట్లో మార్కులు ఎవరేశారో వేరే చెప్పక్కర్లేదు. గౌరిని ఎవరూ అడగలేదు.

అసలు గొడవ ఎక్కడ మొదలైందంటే, గౌరి ఇళ్ళు అమ్ముతుంది. పదిహేనేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసి, అది ఊడాక, నలభై ఆరో ఏట పుస్తకాలు ముందేసుకుని పరీక్ష రాసి రియల్ ఎస్టేట్ లైసెన్స్ తెచ్చుకుంది. ఇప్పుడు వాళ్ళుండే కాపెల్‌లో చాలామంది తెలుగువాళ్ళకి ఇల్లు కొనాలని బుద్ధి పుడితే ముందు గుర్తొచ్చే నంబరు ఆమెదే. మూడు వారాల కిందట అమ్మకానికున్న ఒక ఖాళీ ఇంట్లో ఓపెన్ హౌస్ పెట్టింది, ఎవరైనా వచ్చి ఇల్లు చూసుకోవచ్చు. జనం పల్చబడ్డాక ఒకడొచ్చాడు. మాస్టర్ బెడ్‌రూమ్ చూడాలన్నాడు. ఆమె లోపలికి వెళ్ళగానే గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ తలుపు చట్రానికి ఆనించి, నవ్వుతూ పది నిమిషాలు కదల్లేదు. ముట్టుకోలేదు, మాట తూలలేదు, కదల్లేదంతే.

ఇంటికొచ్చి చెబితే విశ్వనాథ్ మొదట హడలిపోయాడు. తర్వాత పోలీసులకి ఫోన్ చేశాడు. ఆ తర్వాత “మానెయ్ గౌరీ, మనకేం తక్కువ” అన్నాడు. ఆమె అక్కణ్ణించి ఎలా బయటపడిందో మాత్రం అడగలేదు. అడగని ఆ మాట గౌరి మనసులో ముల్లులా ఉండిపోయింది.

మాననంది. అయితే గన్ లేకుండా ఇల్లు కదలొద్దన్నాడు. సరే, నా చేతికి ఏది నప్పుతుందో కాల్చి చూశాకే తీసుకుంటానంది. అలా శనివారం పొద్దున్నే ఇద్దరూ షూటింగ్ రేంజ్‌కి బయల్దేరారు. అక్కడ రకరకాల పిస్టల్స్ అద్దెకిస్తారు. కాల్చి చూసి నచ్చింది కొనుక్కోవచ్చు.

దారిలో విశ్వనాథ్ వెనక సీటులోంచి కాగితం ప్లేట్ల కట్ట తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. వరలక్ష్మీ వ్రతం పేరంటానికి తెచ్చినవాటిలో మిగిలినవి.

“ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. సెవెన్ యార్డ్స్, ఫైవ్ షాట్స్. ఐదూ ప్లేట్‌లో పడాలి. పడకపోతే రియల్ ఎస్టేట్ లైసెన్స్ పక్కన పెట్టెయ్. డీల్?”

గౌరి కిటికీలోంచి బయటికి చూస్తోంది. రేపు రెండింటికి అదే ఇంట్లో మళ్ళీ ఓపెన్ హౌస్. నేనే చేస్తానని ఆ ఇంటి ఓనర్లకి ఈమెయిల్ పంపేసింది కూడా. ఆమె ఏమీ అనలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె మౌనాన్ని విశ్వనాథ్ ఒప్పుకోలు కిందే జమ కట్టుకుంటున్నాడు. ఇవాళా అదే చేశాడు.

రేంజ్‌లో నేర్పే ఆవిడ పేరు డార్లీన్. అరవై దాటిన మనిషి, నెరిసిన జడ నడుం దాకా ఉంది. చెవులకి మఫ్స్, కళ్ళకి అద్దాలు ఇచ్చి, గౌరి కుర్తా మెడ వైపు చూసి చున్నీ గట్టిగా చుట్టుకోమంది. పేలిన తూటాల గొట్టాలు ఎగిరి మెడలో పడితే కాలుతుందట. ఇంత ముఖ్యమైన సంగతి ఏ యూట్యూబ్‌లోనూ రాలేదని విశ్వనాథ్ చిన్నబుచ్చుకున్నాడు.

మొదట షీట్‌లో ఫస్ట్ ర్యాంక్ పిస్టల్. మూడింట్లోకీ చిన్నది, తేలికైనది, అరచేతిలో ఇమిడిపోతుంది. చిటికెన వేలికి పట్టుకోవడానికి చోటే లేదు. గౌరి ఏడు గజాల దూరంలో వేలాడుతున్న ప్లేటుకి గురిచూసి నొక్కింది. బొటనవేలి సందులో కొరికినట్టయింది. రెండోసారి నొక్కేముందే చెయ్యి భయపడింది. ఐదు కాలిస్తే ప్లేటులో పడ్డవి రెండు.

రెండో ర్యాంక్ పొట్టి రివాల్వర్. దాని ట్రిగ్గర్ లాగడానికి వేలంతా బిగబట్టాల్సి వచ్చింది, లాగేసరికి గురి కాస్తా పక్కకి పోయింది. ఐదింట్లో ఒకటి.

విశ్వనాథ్ ఫోన్‌లో అంకెలు నింపుకుంటూ “పర్లేదులే గౌరీ, ట్రై చేశావు కదా” అన్నాడు. ఓదార్పు మాటే, కానీ దానికింద గుండెల మీద బరువు దిగిన చప్పుడు ఆమెకి మఫ్స్‌లోంచి కూడా వినబడింది. ఒళ్ళు మండింది.

డార్లీన్ మూడోది తెచ్చింది. మిగతా రెండిటికంటే కాస్త పెద్దది, బరువైనది.

“అది తనకి టూ హెవీ” అన్నాడు విశ్వనాథ్.

బరువే దెబ్బని మింగుతుందనీ, తేలిగ్గా ఉన్నదే చేతిని ఎక్కువ తంతుందనీ డార్లీన్ చెప్పింది. ఆడవాళ్ళకి చిన్నది కొనిచ్చే మగవాళ్ళని నలభై ఏళ్ళుగా చూస్తున్నాననీ చేర్చింది. విశ్వనాథ్ ఫోన్ వైపు చూసుకున్నాడు.

పిస్టల్ పైభాగాన్ని వెనక్కి లాగితేగాని తూటా లోపలికి ఎక్కదు. గౌరి వేళ్ళతో లాగింది, రాలేదు. వేళ్ళతో కాదు, పైది గట్టిగా పట్టుకుని రెండో చేత్తో కిందది ముందుకి తొయ్యమంది డార్లీన్. ఖాళీ ఇళ్ళలో బిగుసుకుపోయిన పెరటి గాజు తలుపులు గౌరి ఎన్ని తెరవలేదు? అలాగే భుజం బలం పెట్టి తోసింది. టక్కుమని కదిలింది.

ఈసారి ఐదు వేళ్ళకీ చోటుంది. మొదటిది ప్లేటు మధ్యలో పడింది. రెండోది దాని పక్కన. మూడు, నాలుగు కూడా లోపలే. ఐదోది అంచుకి అంగుళం బయట చిల్లు పెట్టింది. గౌరి పిస్టల్ కింద పెట్టి, కొత్త ప్లేటు తగిలించి, ఫస్ట్ ర్యాంక్ పిస్టల్ చూపించి భర్తకి దారి వదిలింది. డార్లీన్ చూస్తుండగా కాదనడానికి ఆయనకి మొహం చెల్లలేదు. ఐదు కాల్చాడు. ఒకటి ప్లేటు తగిలించిన అట్ట అంచుకి తగిలింది. మిగతా నాలుగు ఎటు పోయాయో వాటికే తెలియాలి. ప్లేటు మాత్రం పేరంటంలో వడ్డించినా వడ్డించొచ్చు, అంత శుభ్రంగా ఉంది.

రేంజ్ నుంచి బయటికి రావాలంటే రెండు తలుపులు దాటాలి, మధ్యలో ఇరుకు గది. అక్కడికి రాగానే విశ్వనాథ్ మఫ్స్ తీసి రెండో తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“డీల్ డీలే కదా గౌరీ. ఫైవ్ అనుకున్నాం. నాలుగే పడ్డాయి.”

“మీరు అనుకున్నారు. నేనేమీ అనలేదు.”

“సైలెంట్‌గా ఉన్నావు కదా, ఓకే అనుకున్నా.”

“మీకు ఒక్కటీ పడలేదు. మండే ఆఫీస్ మానేస్తారా?”

“దానికీ దీనికీ ఏంటి సంబంధం?”

“అదే నేనూ అడుగుతున్నాను.”

విశ్వనాథ్ చెయ్యి తలుపు చట్రానికి ఆనించాడు. “నాకు భయం గౌరీ. నువ్వు ఏ ఖాళీ ఇంటికెళ్ళినా, తిరిగొచ్చేదాకా నాకు పని సాగట్లేదు.”

అది నిజమని గౌరికి తెలుసు. జాలి కలిగింది. అయినా జాలిపడి తన పని వదులుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు.

“భయం మీది. దానికి నా లైసెన్స్ ఎందుకు పక్కన పెట్టాలి?” అంది. ఆయన కదల్లేదు. అప్పుడు గొంతు పెంచకుండా, కళ్ళలోకి చూస్తూ అంది. “అడ్డు తప్పుకోండి.”

ఇరవై రెండేళ్ళలో ఆ గొంతు విశ్వనాథ్ ఎప్పుడూ వినలేదు.

“ఆ రోజు వాడితో కూడా ఇలాగే చెప్పాను” అంది గౌరి. “తొమ్మిది నిమిషాలు ఎక్స్‌క్యూజ్ మీ, ప్లీజ్ అంటూ నవ్వాను. పదో నిమిషంలో నవ్వడం మానేసి తప్పుకోమన్నాను. వాడు తప్పుకున్నాడు. నా దగ్గర అప్పుడు గన్ లేదు. ఎలా బయటికొచ్చావని మీరు అడగలేదు, అందుకే చెప్పలేదు.”

విశ్వనాథ్ చట్రం మీదున్న తన చెయ్యి చూసుకున్నాడు. ఆ చెయ్యి ఎక్కడుందో అప్పుడు తెలిసింది ఆయనకి. చెయ్యి దించి, గోడకి అంటుకుపోయి దారిచ్చాడు.

తలుపు ఆమే తీసుకుంది. కౌంటర్ దగ్గర డార్లీన్‌తో మూడోది తీసుకుంటానని చెప్పి, కాగితాల మీద సంతకం పెట్టడానికి పెన్ను అందుకుంది. విశ్వనాథ్ వచ్చి కాస్త వెనగ్గా నిలబడ్డాడు. ఫోన్ జేబులోనే ఉంది.

“రేపు రెండింటికి ఓపెన్ హౌస్, ఆ ఇంట్లోనే” అంది గౌరి, సంతకం పెడుతూ. “మీకు భయంగా ఉంటే రండి. రోడ్డు మీద బోర్డులు పాతడానికి నాకు మనిషి కావాలి.”