టెంకాయ నీళ్ళకు తడిసిన పావడ

సంజీవప్ప భాగీరథమ్మకు మైసూర్‌పాక్ ఇచ్చి వచ్చాడని తెలిసినప్పటి నుంచి నరసప్పకు నిద్ర లేదు. అంటే మధ్యాహ్నం నిద్ర. రాత్రి నిద్రకు ఆయన ఎప్పుడూ లోటు చేయలేదు.

భాగీరథమ్మ ఇద్దరికీ మేనత్త, ఒళ్ళంతా షుగరు. అలాంటి మనిషికి చిన్నాయన కొడుకు సంజీవప్ప మైసూర్‌పాక్ ఎందుకిస్తాడు, ఆమె జ్ఞాపకాన్ని తనవైపు తిప్పుకోవడానికి కాకపోతే?

విషయం పొలంలో కొలిచే మునేశ్వరుడి రాయిది. అన్నదమ్ములిద్దరూ పొలాలు సోలార్ పార్కుకు లీజుకిచ్చినప్పుడు, ప్లేట్లు నిలబెట్టేవాళ్ళు ఆ రాయిని జాగ్రత్తగా పెకలించి గేటు దగ్గర సెక్యూరిటీ గది పక్కన పెట్టారు. స్వామి అప్పటి నుంచి వచ్చే పోయే బండ్లను చూస్తూ అక్కడే కూర్చున్నాడు. కొత్తగా వచ్చిన ఇంజినీరు భక్తిపరుడు. "ముందు ఎక్కడుండేదో ఇద్దరూ కలిసి చూపించండి, కార్తీక సోమవారం అక్కడే పెట్టిద్దాం" అన్నాడు.

ఆ మంచిమాటతో అన్నదమ్ములకు మాటలు ఆగిపోయాయి. రాయి ఎవరి పొలంలో ఉంటే మొదటి టెంకాయ వాళ్ళది. రెండోవాళ్ళు వెనక నిలబడి కొట్టాలి. అది ఆ వంశంలో పద్ధతి. రాయి గేటు దగ్గరున్నన్నాళ్ళూ ఇద్దరూ వేర్వేరు వారాల్లో వచ్చి, ఎవరికి వాళ్ళు తామే మొదటనుకొని సంతోషంగా ఇంటికి పోయారు. ఇప్పుడు గట్టు లేదు, వేపచెట్టు లేదు, చూసిన పెద్దల్లో మిగిలింది భాగీరథమ్మ ఒక్కతే. ఎటు చూసినా నీలం ప్లేట్లే, అన్నీ ఒకేవైపు తలెత్తుకొని.

అయినా నరసప్పకు ధైర్యమే. జ్ఞాపకశక్తికని ఆయన రోజూ పొద్దున నానబెట్టిన బాదంపప్పు తింటాడు. తిన్నది గుర్తులేక ఒక్కోరోజు రెండోసారి కూడా తింటాడు. పైగా ఆయన దగ్గర తిరుగులేని సాక్ష్యం ఒకటి ఉంది. పావగడలో కట్టుకున్న కొత్త ఇంటికి ఎవరొచ్చినా, ప్లాస్టిక్ కవరు తీయని సోఫాలో కూర్చోబెట్టి చెప్పే కథ అది. ఆదివారం సాయంత్రం భార్య ముందు దాన్ని ఇంకోసారి సాధన చేశాడు.

"నేను చిన్నపిల్లోణ్ణి. మా నాయన వేపచెట్టు కింద, మన గట్టు లోపల, టెంకాయ కొట్టినాడు. సగం చిప్ప జారి పడ్డాది. ఎర్రకుక్క ఒకటి దాన్ని కరుచుకొని మన గట్టు మిందనే పరిగెత్తింది. నీళ్ళన్నీ నా కొత్త పావడ మింద పడి..."

లక్ష్మీదేవమ్మ అనపకాయలు ఒలవడం ఆపింది.

"ఏమయ్యా, నీకు పావడ యాడిది?"

"ఆ కాలంలో మగపిల్లోళ్ళకూ కట్టేవాళ్ళు."

"గాజులు కూడా తొడిగేవాళ్ళా?"

నరసప్ప మనసులోనే కథను ముందుకు నడిపి చూసుకున్నాడు. కథలో తర్వాత వచ్చేది గాజులే. కుక్క వెంటపడి బోర్లా పడితే గాజులు పగులుతాయి.

"అది మంగళవాడలో మా పొలంలో జరిగింది. కొట్టింది మా నాయన, పావడ నాది. పెండ్లయిన కొత్తలో నేనే నీకు చెప్పినా. ఇన్నేండ్లూ ఏదో ముచ్చటపడి చెప్పుకుంటాండాడులే అని ఊరుకుంటి."

నరసప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. సంజీవప్ప ఈమెకేం ఇచ్చిపోయాడు? లేచి వెళ్ళి ఫ్రిజ్ తెరిచాడు. మైసూర్‌పాక్ లేదు. దాంతో అనుమానం ఇంకా గట్టిపడింది. తినేసినట్టుంది.

కళ్ళు మూసుకొని కథలోని నాయన ముఖాన్ని సరిగ్గా చూడబోయాడు. మంగళవాడ మామగారి మీసాలు కనిపించాయి. వాటిని తీసేయాలని చూశాడు. పోలేదు.

సోమవారం గేటు దగ్గర అందరికీ పసుప్పచ్చ హెల్మెట్లు పెట్టారు. భాగీరథమ్మకు కొప్పు మీద పెట్టారు. నరసప్ప నేరుగా తమ్ముడి దగ్గరికి నడిచాడు.

"ఏం సంజీవా, మైసూర్‌పాక్ బాగుండాదంట?"

"మనవరాలి పుట్టినరోజుదన్నా. మీ ఇంటికీ పంపిస్తిని కదా. బాగుండాది, ఇంకొంచెం నెయ్యి పడాల్సిందని నువ్వే ఫోన్ చేస్తివి."

నరసప్పకు ఏమీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడంలోనే ఏదో కుట్ర ఉందనిపించింది.

ప్లేట్ల వరసల మధ్య ఇంజినీరు నిలబడి, రాయి ఎక్కడుండేదని భాగీరథమ్మను అడిగాడు.

"ఇంకెక్కడప్పా? కుక్క టెంకాయ కరుచుకుపోలేదూ, ఆ గట్టు లోపలే. పాపం, వీని పావడంతా తడిసిపాయె."

సంజీవప్ప నిట్టూర్చాడు. "నిజమే అత్తా. ఆ కుక్క నాకూ బాగా గుర్తుండాది. ఎర్రది. అట్లయితే రాయి అన్న పొలందే."

ఎంత లెక్కేసినా, ఆ కుక్క నాటికి సంజీవప్ప పుట్టి ఉండడు. సోఫాలో కూర్చొని కథ విన్న పాపానికి కుక్క అందరిదీ అయిపోయింది. నరసప్ప గెలిచాడు.

రాయి దించారు. పసుపు పూశారు. "కొట్టన్నా" అంటూ సంజీవప్ప వెనక్కి జరిగి నిలబడ్డాడు. నరసప్ప టెంకాయ ఎత్తాడు. పళ్ళెం పట్టుకున్న లక్ష్మీదేవమ్మ, నీళ్ళు చిందుతాయేమోనన్నట్టు ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి లాక్కుంది, అంతే.

ఎత్తిన చెయ్యి అట్లే ఉండిపోయింది. వెనకాల అందరూ ఎదురుచూస్తున్నారు. కాసేపటికి ఆయన చెయ్యి దించి టెంకాయ భార్యకు అందించాడు.

"నువ్వు కొట్టు."

"ఏందన్నా ఇది?" అన్నాడు సంజీవప్ప.

"కుక్క ఈమెది" అన్నాడు నరసప్ప.

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. ఇందులో అన్న ఎత్తుగడ ఏమిటా అని ఈసారి సంజీవప్ప కళ్ళు చిన్నవి చేసి చూశాడు. లక్ష్మీదేవమ్మ ఒక్క దెబ్బకు కొట్టింది. చిప్పలు రెండూ చేతిలోనే ఉన్నాయి.

తిరుగుదారిలో కారు వెనక సీట్లోంచి భాగీరథమ్మ అంది: "మన ఇంట్లో మొదటి టెంకాయ ఎప్పుడూ ఆడోళ్ళే కదప్పా కొట్టేది. మా అమ్మ, అదే మీ అవ్వ, కొట్టేది. నాకు బాగా గుర్తుండాది."

నరసప్ప వెనక్కి తిరిగి ఆమెను అనుమానంగా చూశాడు. తర్వాత ముందుకు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. వేపచెట్టు కింద అవ్వ టెంకాయ ఎత్తి నిలబడి ఉంది. చేతికి గాజులు కూడా కనిపించాయి. పక్కనే కుక్క.