రేకుల కింద బాలింత

ఆ గదికి పోయినేటి దాకా మట్టి మిద్దె ఉండేది. ఎండంతా మట్టే తాగేది, కిందికి రానిచ్చేది కాదు. గిరి దాన్ని కూలగొట్టి రేకులు వేయించాడు. వాళ్ళమ్మ మారెక్క ఊరంతా చెప్పుకుని మురిసింది. కప్పు మారింది గానీ ఆచారం మారలేదు. కోడలు హేమావతి కాన్పయి పసిబిడ్డతో ఇల్లు చేరిన రోజే మారెక్క కిటికీలో పాత చీరలు కుక్కింది, ఫ్యాను వైరు పీకింది, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టింది. బాలింతకు గాలి తగలకూడదు. బయట ముదిగుబ్బ ఎండ, మే నెల.

గదిలో గాలి కదలదు. అయినా పైనుంచి ఏదో దిగి హేమావతి ముఖాన్ని కాలుస్తోంది. చెయ్యి అడ్డం పెడితే ఆగుతుంది. తీస్తే మళ్ళీ చురుక్కుమంటుంది. రేకు ఎర్రబడలేదు, మండలేదు, కంటికేమీ కనబడదు. మండే పొయ్యిని తలకిందులు చేసి ఇంటికి కప్పినట్టుంది. బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది. రొమ్ము పట్టడం లేదు.

మూలనున్న చాట తీసి బిడ్డకు అడ్డంగా పట్టుకుంది. ఆ నీడలో కాసేపటికి వాడి ఊపిరి కుదుటపడింది. నోరు తెరిచి రెండు గుక్కలు తాగాడు కూడా.

విత్తనం చెనక్కాయలు చెరగడానికి చాట కోసం మారెక్క వచ్చింది.

"బిడ్డ మీద చాట బోర్లిస్తావా పాపిష్టిదానా? ఎదగకుండా పోతాడు!"

"రేకు కాల్తాండాది అత్తా. సెగ వాని మీదికి దిగతాండాది."

"సెగకు కాళ్ళుండాయా దిగొచ్చేకి? నా పిల్లోళ్ళందరినీ ఈ గదిలోనే, ఈ కుంపటి పక్కనే సాకినా. ఒగరన్నా సచ్చినారా?"

"అప్పుడు మట్టి మిద్దె గదా. యాపమాను కిందన్నా కూచుంటా అత్తా, నీ కాళ్ళు మొక్కుతా."

"వాకిలి దాటితే నిన్నూ బిడ్డనీ మీ నాయనింటికి తోలేస్తా."

"అమ్మ చెప్పినట్టు ఇను మే. ఆమెకు తెలీదా?" బయట నీడన కూర్చున్న గిరి అన్నాడు. వాడికి గాలి తగులుతూనే ఉంది.

మారెక్క చాట లాక్కుని పోయింది. హేమావతి బిడ్డ మీదికి వంగి వీపు అడ్డం పెట్టింది. పైన రేకు, కింద కుంపటి, నడుమ పచ్చి బాలింత. ఎంతసేపని వంగుతుంది? కళ్ళు తిరిగి పక్కకు ఒరిగిపోయింది.

తెలివి వచ్చేసరికి బిడ్డ కదలడం లేదు. ఆమె కేకకు అందరూ వచ్చారు. మారెక్క బిడ్డను తడిమింది.

"ఒళ్ళు కాగుతాండాది! బతికుండాడు! పాలు పట్టు మే!"

చచ్చిన బిడ్డకు పాలు పట్టించారు. అవి చెంప మీదుగా కారిపోయాయి. పక్కింటి నాగలక్ష్మమ్మ గుండె మీద చెవి ఆనించి తల అడ్డంగా ఊపింది. అప్పటికీ ఆ ఒంట్లోంచి వేడి వస్తూనే ఉంది.

"ఇదే యాడో గాలి తగిలించింటాది," అంది మారెక్క.

పొద్దు వాలకముందే బిడ్డను పూడ్చి వచ్చారు. హేమావతి వేపచెట్టు కింద కూర్చుంది. మారెక్క కుంపటిలో కొత్త నిప్పులు ఎగదోసింది.

"ల్యా మే, లోపలికి. బిడ్డ పోయినా బాలింతవే. సలి తగిలితే నువ్వూ పోతావు."

కుంపటి పట్టుకుని తానే ముందు గదిలోకి పోయింది. హేమావతి లేచి వెనకే వెళ్ళి, తలుపు లాగి బయటినుంచి గొళ్ళెం పెట్టింది. రేకులు ఇంకా కాలుతూనే ఉన్నాయి.

లోపల తలుపు బాదుతున్న చప్పుడు. గిరి లేచాడు. హేమావతి గడపకు అడ్డంగా కూర్చుని వాడి కళ్ళల్లోకి చూసింది. వాడు ఉన్నచోటే నిలబడిపోయాడు.

"తియ్యి అమ్మీ! ఉడికిపోతాండా! నీకు పున్నెముంటాది, తియ్యి!"

గడప పక్కన చెనక్కాయల దగ్గరున్న చాటను హేమావతి ఒళ్ళోకి లాక్కుంది.

"గాలి తగుల్తాది అత్తా," అంది.