పదకొండో నంబరు గొయ్యి

పాత పళ్ల బ్రష్షులతో కుండపెంకులు కడిగే పని ఊళ్లో ఆడవాళ్లకే పడింది. ఊరి పాత చరిత్ర తేల్చడానికి ఇంటింటి పెరట్లో గోతులు తవ్వుతామంటే మగవాళ్లు పోటీపడ్డారు, ఫోటోలు దిగారు. బురద బకెట్లు మాత్రం వంటింటి సింకుల దగ్గరికి చేరాయి. రిన్స్కె పెరట్లో తవ్విన పదకొండో నంబరు గోతిలో వచ్చినన్ని పెంకులు ఊరు మొత్తంలో ఎక్కడా రాలేదు. మూడు శనివారాలు వాటిని కడిగి, పాత పేపర్ల మీద ఆరబెట్టింది. వాళ్లాయన హెసెల్ వచ్చిన ప్రతివాళ్లకీ వాటిని చూపించి, తమ ఇంటి చోటు రోమన్ల కాలం నాటిదని చెప్పుకున్నాడు.

సముద్రపొడ్డున ఉన్న ఫ్రీస్‌లాండ్‌ సీమలో పాత ఊళ్లన్నీ దిబ్బల మీదే ఉంటాయి, సముద్రం పోటెత్తితే మునగకుండా. చర్చి దిబ్బ నెత్తిన ఉంటే, హెసెల్ ఇల్లు అడుగున ఉంది. ఆ కాలంలో అంత పల్లాన మనుషులు బతికారంటే పెద్ద వార్తే.

యాభై ఏళ్ల కిందట పట్నం నుంచి వచ్చినవాళ్లు చర్చి దగ్గర తవ్వి, దొరికినవన్నీ పెట్టెల్లో సర్దుకుపోయారు. వాళ్లు రాసిన పుస్తకాన్ని ఊళ్లో ఒక్కరూ చూడలేదు. ఇప్పుడొచ్చిన పరిశోధకురాలు లీస్‌బెత్ అలా చెయ్యలేదు. తన పుస్తకం ముసాయిదాను ఊరి భాషలో రాయించి ఇంటింటికీ పంచింది. అచ్చుకు ముందు ఊరి హాల్లో అందరం కూర్చుని చదువుదాం, తప్పులుంటే మీరే చెప్పాలి అంది. హెసెల్ తన పేరున్న పేజీ చదివి పక్కన పెట్టాడు. రిన్స్కె నలభై పేజీలూ చదివింది, పదకొండో గోతి పేజీని మూడుసార్లు. దిబ్బ అడుగున కూడా పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే ఇళ్లుండేవని అందులో ఉంది. అది నిజం కాదు.

పెంకులు దొరికిన ఆ నల్లమట్టి అక్కడిది కాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ పెరడంతా జిగట బంకమన్ను, ముల్లంగి కూడా తిన్నగా ఎదిగేది కాదు. ఒక వసంతంలో చర్చి పక్కన బడికి పునాదులు తవ్వి మట్టి కుప్పపోశారు. అడిగితే పట్టుకుపొమ్మన్నారు. రెండో బిడ్డ కడుపులో ఉండగా ఆరు వారాలు ఒంటిచక్రం బండి మీద ఆ మట్టిని కిందికి దింపుకుంది. అత్తగారు కిటికీలోంచి చూసి, "మేం ఆ బంకమట్టిలోనే దుంపలు పండించి నలుగురిని పెంచాం. నీకు నేల కూడా నచ్చదు" అంది. ఊళ్లో నవ్వుతున్నారన్నాడు హెసెల్. ఒక్క బండైనా తొయ్యలేదు. తర్వాత ముప్పయ్యేళ్లు ఆ మట్టిలో పండిన క్యాబేజీ, చిక్కుళ్లు తిన్నాడు. అతను అబద్ధమాడటం లేదు, నిజంగానే మరిచిపోయాడు. ఆమెకు ఎక్కువ మండింది అందుకే.

చదివే రోజు పొద్దున ఆ సంగతి అతనికి గుర్తుచేసింది. హెసెల్ బూట్లు తొడుక్కుంటూ ఆగాడు.

"ఇప్పుడెందుకే ఆ గోల? ఊళ్లో కాస్త పేరొస్తే నీ చేత్తోనే చెడగొడతావా?"

"తప్పు అచ్చయిపోతుంది."

"అయితే అవనీ. మట్టి మట్టే. నువ్వు కాఫీ సంగతి చూసుకో చాలు."

కాఫీ సంగతి చూసింది. మొదటి కప్పుతో కేకు ముక్క, రెండో కప్పు ఉత్తది. రెండోది పోసేదాకా ఆడవాళ్లు కూర్చోరు, అది ఆ హాల్లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. రిన్స్కె కాఫీ కూజాతో బల్లల మధ్య తిరుగుతుండగా లీస్‌బెత్ పదకొండో గోతి పేజీ చదివింది. తలలన్నీ హెసెల్ వైపు తిరిగాయి. దిద్దాల్సింది ఏమైనా ఉందా అని అడిగింది లీస్‌బెత్. చెబితే మొగుడు నలుగురిలో చిన్నబోతాడు, ఇంటికెళ్లాక వారం రోజులు ముఖం మాడ్చుకుంటాడు. చెప్పకపోతే రేపు ఆ బడిలో పిల్లలు ఈ తప్పునే బట్టీపడతారు. ఎప్పుడో ఎవరో పగలగొట్టుకున్న కుండ ఎక్కడిదో తేల్చడానికి ఇంతమంది కూర్చున్నారే, ఆరు వారాలు విరిగిన తన నడుము సంగతి ఒక్క వాక్యానికి కూడా నోచుకోదా అనుకుంది. కూజా దించింది.

"ఆ మట్టి మాది కాదండీ. బడి పునాదుల్లోది. నేనే మోసుకొచ్చాను."

బండి సంగతి, ఆరు వారాల సంగతి, అంతా చెప్పింది. వెనక బల్లల్లో ఎవరో నవ్వారు. హెసెల్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. లీస్‌బెత్‌కి కోపం రాలేదు. అయితే ఈ పెంకులు బడి కిందివన్నమాట, అక్కడ ఇంకెవరూ తవ్వలేరు, మీరు చెప్పకపోతే మాకెప్పటికీ తెలిసేది కాదు అంది. ఫైల్లోంచి పదకొండో గోతి కాగితం తీసి ఆమె ముందు పెట్టింది. గొయ్యి తవ్వినరోజు ఇంటి యజమానిని అడిగి నింపిన కాగితం అది. ఈ చోటికి బయటి మట్టి ఎవరైనా తెచ్చారా అన్న ప్రశ్న పక్కన హెసెల్ చేతిరాత ఉంది: ఎవరూ తేలేదు.

రిన్స్కె ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన తన పేరు రాసింది.

"నాతో చెబితే నేనే దిద్దించేవాణ్ణిగా" అని గొణిగాడు హెసెల్.

రిన్స్కె అతని పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండో కప్పు ఇంకా ఎవరికీ పొయ్యలేదు.

"వాళ్లు ముందు నిన్నే అడిగారు, హెసెల్."