ముళ్లకంప కాపలా

ఊళ్లో రెండో శవం లేవగానే, కంకిపాడు నుంచి వచ్చే దారికి తుమ్మకంప అడ్డం వేయించింది రత్తయ్యే. కూతురు సింధూరి నెలలు నిండి ఇంట్లో ఉంది. జబ్బు ఆ గడప తొక్కకూడదు, అంతే. దగ్గినవాడైనా, ఒళ్లు వెచ్చబడ్డవాడైనా పద్నాలుగు రోజులు కంప అవతలే. జ్వరం చూసే మిషన్ అన్న కొడుకు చక్రి చేతిలో, దుడ్డుకర్రలు తన చేతిలో, మిగతా కాపలావాళ్ల చేతుల్లో.

ఆ సాయంత్రం పక్కూళ్లో బెండతోటకు మందు కొట్టి ఊరి కూలీ జాన్ పాల్ తిరిగొచ్చాడు. కంప దగ్గర అతనికి దగ్గు తెర వచ్చింది.

"మందు ఘాటండీ. జ్వరం లేదు, చూస్కోండి."

చక్రి మిషన్ పెట్టాడు. "మామూలుగానే ఉంది బాబాయ్."

"దగ్గుతుంటే మిషన్ చూస్తావేంట్రా!"

"మీరు పోయినవారం బెజవాడ ఎళ్లొచ్చారుగా, మిమ్మల్నెవరాపారండీ?"

రత్తయ్య కంప సందులోంచి బయటికి దూకాడు. మొదటి దెబ్బ మోకాలి మీద, రెండోది మూతి మీద. పన్ను ఊడి మట్టిలో పడింది. కింద పడ్డవాడి కడుపులో తన్నబోతే కాలు అతని సంచికి తగిలింది. లోపలున్న పురుగుమందు సీసా భళ్లున పగిలింది.

కాపలా వాళ్లంతా ముక్కులు మూసుకుని వెనక్కి ఉరికారు. చక్రి కాలవగట్టున వాంతి చేసుకున్నాడు. రత్తయ్య ఆ తడిలోనే నిలబడి మళ్లీ కర్ర ఎత్తాడు.

"బాబాయ్, ఇవతలికి రా! ఆ కంపుకి చస్తావ్!"

"ఏం కంపురా?"

రత్తయ్య తడిసిన చెప్పు తీసి ముక్కుకు ఆనించుకున్నాడు. మంచినీళ్లలో తడిసినట్టే ఉంది. మొన్న పప్పులో ఇంగువ వెయ్యలేదని భార్య మాణిక్యం ముఖాన కంచం విసిరాడు. "వేశానయ్యా" అంటూనే ఉంది, నుదురు చిట్లి నెత్తురు కారుతున్నా. నిన్న సింధూరికి తన చేత్తోనే మజ్జిగన్నం కలిపి ముద్దలు పెట్టాడు.

"మైలవరంలో మా తమ్ముడికీ ఇట్టానే ముక్కుకి వాసన తెలీకుండా పోయిందండీ," జాన్ పాల్ నెత్తురు ఉమ్మేశాడు. "జ్వరం లేదు, దగ్గు లేదు. అదే జబ్బన్నారు."

రత్తయ్య సందు వైపు అడుగు వేశాడు. చక్రి పక్కవాడి కర్ర లాక్కుని అతని మోచేతి మీద కొట్టాడు, ఎముక పటుక్కుమనేలా.

"అక్కడే ఉండు బాబాయ్! అక్క ఉంది ఇంట్లో!" ఏడుస్తూనే రెండో దెబ్బకి ఎత్తాడు.

రత్తయ్య మోచెయ్యి పొదివి పట్టుకున్నాడు. "అక్కనీ, పిన్నినీ ఇప్పుడే టెస్టుకి తీసుకుపో," అన్నాడు. జాన్ పాల్ పాక్కుంటూ లోపలికి పోయాడు. ఈసారి ఎవరూ ఆపలేదు.

విరగని చేత్తోనే రత్తయ్య కంప లాక్కుని, అవతలే నిలబడి సందు మూశాడు. ముళ్లు అరచేతిలో విరిగాయి.