రాతి మీది చెంప

మిలుతిన్ ఎడమ చెంప తినేసింది మా ఇనుప పోత కర్మాగారమే. కరిగిన ఇనుము మోసే తొట్టికి గొలుసు అరిగిపోయిందని ఏడాదిగా మొత్తుకున్నాం. పట్టించుకున్నవాడు లేడు. ఒకరోజు గొలుసు జారింది, ఇనుము చిందింది. చెవి నుంచి నోటి కొస దాకా చర్మం ముడుచుకుపోయి, పెదవి ఒక పక్కకి లాక్కుపోయింది. కంపెనీ డాక్టరు రాసిందేమిటంటే, 'ఇంటి దగ్గర రాకియా కాస్తూ కాల్చుకున్నాడు' అని. ప్లమ్ పళ్ల సారా మా ఊళ్లో ఎవడు కాయడు? కోర్టు ఆ కాగితాన్నే నమ్మింది. కళ్లారా చూశామని సాక్ష్యం చెప్పిన మేం కూడా తాగుబోతులమేనట.

తర్వాత కొన్నేళ్లకి వాడి ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇనుము పోసే అచ్చుల ఇసుక పీల్చిన ఊపిరి, ఎన్నాళ్లుంటుంది. అప్పుడు సమాధిరాయి సంగతి ఎత్తాడు. మా వైపు బతికుండగానే రాయి చేయించుకుంటారు. నల్లరాయి మీద మొగుడూ పెళ్లాల ముఖాలు చెక్కించి, చనిపోయే ఏడాది వేయడానికి ఖాళీ వదులుతారు.

"ఫొటో దిగాలిరా తాసా. ఎడమ చెంప కనబడాలి, ఉన్నదున్నట్టు. కోర్టు కాగితం బీరువాలో ఉంటుంది. రాయి దారి పక్కనుంటుంది. పండక్కి శ్మశానానికి వచ్చే ప్రతివాడూ చూస్తాడు, మా డైరెక్టరుతో సహా."

వాడి పెళ్లాం కొసారా పొయ్యి దగ్గర మిరపకాయలు కాలుస్తోంది. పొయ్యి పైన గోడకి కంపెనీ క్యాలెండరు, ఎప్పటిదో, మార్చి నెల దగ్గరే ఆగిపోయి ఉంది. ఆ మార్చి బొమ్మ మిలుతినే. కొత్త టోపీ పెట్టుకుని నవ్వుతుంటాడు. రెండు చెంపలూ నున్నగా ఉంటాయి.

ఆ బొమ్మ తీసింది త్రిఫున్. మా వీధిలో స్టూడియో వాడిది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టులు, సమాధిరాళ్లు, కంపెనీ క్యాలెండర్లు, అన్నీ వాడే. కాలిన తర్వాత తీసిన బొమ్మే అది, కుడి చెంపని కంప్యూటర్లో తిరగేసి ఎడమ వైపు అతికించాడు. అందుకే నాకు వాడంటే ఒళ్లు మంట.

మిలుతిన్‌ని స్టూడియోకి తీసుకెళ్లాను. "వచ్చావా, జెండాలోడా," అన్నాడు త్రిఫున్ నన్ను చూసి. "ఇవాళ నా అద్దాలు పగలగొడతావా, కూర్చుంటావా?"

"పని చూసి చెబుతా. ఈసారి చెంపలు అతికించకు."

"క్యాలెండరుకి వాళ్లు అడిగింది చేశాను. ఇవాళ ఈయన అడిగింది చేస్తా. నాకు నీలాగా యూనియన్ లేదు తమ్ముడూ, గిరాకీ ఉంది."

కానీ పని మొదలుపెట్టాక వాడు మరో మనిషి. ఆ మాట చెప్పి తీరాలి. దీపాలన్నీ ఆర్పేశాడు. మిలుతిన్‌ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, కుడి వైపు నల్లగుడ్డ వేలాడదీశాడు. కుడి సగం చీకట్లోకి పోయింది. కిటికీ వెలుగు కాలిన చెంప మీద పక్కనుంచి పడి ప్రతి ముడతనీ లేపింది. మొహానికి పౌడరు కూడా రాయనివ్వలేదు.

"ఆ రోజు సంగతి చెప్పు," అన్నాడు.

మిలుతిన్ చెప్పాడు. గొలుసు చప్పుడు దాకా చెప్పి ఆగిపోయాడు. ఆగినప్పుడు కెమెరా మీట నొక్కాడు త్రిఫున్.

అన్నేళ్లు నేను పంచిన కరపత్రాలన్నీ ఒక ఎత్తు, ఆ బొమ్మ ఒక ఎత్తు. మిలుతిన్ చూసుకుని, "వీణ్ణి చెక్కించండి," అన్నాడు.

చెక్కేవాడి దగ్గర వంతు రాకముందే మిలుతిన్ పోయాడు.

ఆరు నెలల కర్మకి రాయి నిలబెట్టారు. ఆనవాయితీ ప్రకారం ఉడికించిన గోధుమలు నోట్లో వేసుకుని, వైన్ సమాధి మట్టి మీద పోసి తలెత్తాను. రాతి మీద ఉన్నది మార్చి నెల మిలుతిన్. టోపీ తీయించారు, అంతే. పక్కనే కొసారా ముఖం. కంపెనీ దండ పట్టుకొచ్చిన డైరెక్టరు కాసేపు చూసి, "పోలిక బాగా కుదిరింది," అన్నాడు. కుదరక ఏం చేస్తుంది.

తిన్నగా స్టూడియోకి వెళ్లి త్రిఫున్ కాలరు పట్టుకున్నాను.

"ఎంతకి అమ్ముకున్నావురా?"

"వదులు," అన్నాడు. సొరుగు లాగి కిటికీ వెలుగు బొమ్మ బల్ల మీద పడేశాడు. "నా చేత్తో చెక్కేవాడికి ఇచ్చింది ఇదీ. నీ వదిన కొసారా వెళ్లి దీన్ని వెనక్కి తెచ్చి నాకిచ్చింది. చెక్కేవాడికి గోడ మీది క్యాలెండరు కాగితం ఇచ్చింది. నా జన్మలో తీసిన మంచి బొమ్మ ఇదొక్కటే తాసా. దాన్ని సొరుగులో పెట్టుకుని కూర్చున్నా. నువ్వు నా కాలరు పట్టుకుంటున్నావు."

కొసారా వంటింట్లోనే ఉంది. గోడ మీద క్యాలెండరున్న చోట తెల్లటి చదరం.

"వాడేం అడిగాడో నీకు తెలుసు వదినా."

"తెలుసు."

"మరి?"

"నువ్వు ఆ చెంప చూపించి మీటింగుల్లో మాట్లాడావు. దాని చీము తుడిచింది నేను. ఆయన నన్ను ముద్దు పెట్టుకోవడం మానేశాడు, పెదవి రాక. బతికున్నన్నాళ్లూ ఆయన అడిగిందే చేశా. రాతి మీద ఆయన పక్కన ఉండాల్సింది నేనయ్యా, నువ్వు కాదు."

"కంపెనీ వాళ్లు అతికించిన చెంప అది."

"అతికించినా అది ఆయన చెంపే. కుడిది."

అయినా నేను ఊరుకోలేదు. పోయినవాళ్ల ఏడాది కర్మకి మేం స్తంభాలకి అంటించే చావు కాగితం ఉంటుంది కదా, దాని మీద త్రిఫున్ తీసిన ఆ బొమ్మ వేయించాను. అచ్చు త్రిఫునే వేసిచ్చాడు, కంపెనీ గిరాకీ పోతుందని తెలిసీ. కర్మాగారం గేటు నుంచి శ్మశానం దాకా ప్రతి స్తంభానికీ అంటించాను. కింద ఒకటే వాక్యం: 'ఈయన రాకియా కాస్తూ కాల్చుకోలేదు.'

గేటు దగ్గరివి మధ్యాహ్నానికల్లా కాపలావాడు గీకేశాడు. అది నాకు తెలిసిందే. మర్నాడు మళ్లీ అంటించడానికి వెళ్తుంటే ఎదురుగా కొసారా వస్తోంది, చేతిలో బకెట్టు, చంకలో కాగితాల చుట్ట. ఒక్కో స్తంభం దగ్గరా ఆగి, నా కాగితాన్ని తడిపి, చిరగకుండా ఊడదీసి, అక్కడ నున్నటి చెంప బొమ్మ వేసిన చావు కాగితం అంటిస్తోంది. నన్ను చూసి ఆగలేదు.

నా చేతిలో ఇంకా కొన్ని కాగితాలు మిగిలున్నాయి. ఆమె వెనకే వెళ్లి మళ్లీ అంటించవచ్చు. జిగురు డబ్బా మూత పెట్టేశాను.