బండలు కదిలిన మోత

తాండూరు గోదాముల్లో నాపరాయి బండలను పడుకోబెట్టరు, గోడకు ఆనించి వరుసగా నిలబెడతారు. ఏడో తరగతితో బడి మానేసి అవి మోసినవాణ్ని, నాకు తెలుసు. ఒకటి జారితే వరుసంతా మీదికొస్తుంది. నా తమ్ముడు రాజేందర్ అలాగే పోయాడు.

అలాంటి గోదాములోనే అనిల్‌కుమార్ సేటు తన ఆల్బమ్ రికార్డు చేస్తున్నాడు. గోదాము వాళ్ల నాన్నదే. హైదరాబాదులో జాజ్ పియానో వాయించే మనిషి, ఇప్పుడు తాను పుట్టకముందటి సింథసైజర్ల మీద పడ్డాడు. బీరువా అంత పెట్టె, నిండా మీటలు, వైర్లు. బండలకు తగిలి తిరిగొచ్చే మోత కావాలట. వికారాబాద్ చర్చిలో కీబోర్డు వాయించే నా బిడ్డ నిరోషాను సాయానికి పిలిచాడు, తోడుగా నేనూ వచ్చాను. ఆల్బమ్ మీద పేరు వేస్తానన్నాడు. రెండు వరుసల మధ్య సందులో స్టాండు పట్టదు కాబట్టి మైకు పట్టుకుని ఆమెనే నిలబడమన్నాడు.

"సందులకు పోకు బిడ్డా," అన్నాను.

"నాయినా, నువ్వు జర దూరం కూసో. సేటు ముంగట పరువు తియ్యకు."

అనిల్‌కుమార్ పెట్టె మీద అన్నిటికంటే కింది స్వరం మెట్టు నొక్కాడు. పాట కాదు, చెవికి సరిగా అందని ఒక మోత. ముందు నా పాదాల్లోకి వచ్చింది. తర్వాత బండలు పళ్లు కొరికినట్టు గరగరమన్నాయి. వరుస అడుగున దన్నుగా పెట్టిన చెక్క దగ్గర దుమ్ము రాలింది. నిరోషా కళ్లు మూసుకుని నవ్వుతోంది.

మోత ఆగగానే అనిల్‌కుమార్ ఎగిరి గంతేశాడు. "గా గరగర విన్నవా నిరోషా? మస్తుంది! ఇంకోసారి, దీనికి డబుల్!"

"సేటూ, బండలు కదులుతున్నయ్," అన్నాను.

"ఏండ్ల సంది నిలబడ్డయ్ ప్రేమ్‌సాగరన్నా. సంగీతానికి పడ్తయా?"

నిరోషా కూడా నవ్వింది.

మళ్లీ మొదలైంది. ఈసారి చెక్క జరిగింది. వేలెడు కూడా కాదు, కానీ జరిగింది. అరిస్తే బిడ్డ ఉలిక్కిపడి పక్క బండను పట్టుకుంటుంది. నోరు మూసుకుని స్విచ్చు రూములోకి వెళ్లి మెయిన్ స్విచ్ దించేశాను.

పెట్టె మూగబోయింది. అది వేడెక్కి శ్రుతిలో నిలవడానికి పొద్దంతా పట్టిందట. అనిల్‌కుమార్ తల పట్టుకున్నాడు. చెక్క చూపిస్తే, అది మొదటినుంచీ అంతే ఉందన్నాడు. బండలు పడలేదు. ఒక్కటి పడినా నన్ను నమ్మేవాళ్లు.

వికారాబాద్‌కు తిరిగొచ్చే రైల్లో నిరోషా ఎదురు సీట్లో కూర్చుంది. ధారూరు దాటాక నా వైపు తిరిగింది.

"రేపు మళ్ల రమ్మన్నడు," అంది. "ఒక్కదాన్నే పోత. నువ్వొచ్చినా ఫాయిదా లేదు నాయినా, స్విచ్చు రూముకు తాళమేస్తరంట."